తీతువు గుడ్ల చుట్టూ పోసిన ముగ్గు

ఈ సంగతి రాసి పెట్టాలని కూర్చోవడానికి కారణం ఒక మాట. మా తాండూరు బజారులో ఒక జేసీబీ డ్రైవర్ మీద ఆ మాట పడింది. అతను తీతువు గుడ్లు పగలగొట్టాడట, అతని చేత పునాది తవ్విస్తే ఆ ఇల్లు కలిసిరాదట. నోటి మాట గాలికి పోతుందంటారు. బజారులో పుట్టిన మాట మాత్రం పోదు, పాతబడే కొద్దీ గట్టిపడుతుంది. నేను నా నోటితో ఎన్నిసార్లు చెప్పినా కొంతమంది నమ్మలేదు. కాగితం మీద ఉంటే ఎప్పటికైనా ఎవరో ఒకరు చదువుతారు. ఆ గుడ్లు పగలడానికి కారణం అతను కాదు, నేను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నేనూ, నా చదువూ.

చదువు గురించి ముందే చెప్పేస్తాను, దాని మీద నాకు కాస్త గర్వం ఎక్కువ కాబట్టి. బడిలో నేను ఏడో తరగతి దాకానే. మాది గోనె సంచులు, తాళ్లు, జల్లెడలు, దబ్బనాలు, ముగ్గు పిండి అమ్మే దుకాణం. పెళ్లై వచ్చిన కొత్తలో, దబ్బనాలు చుట్టి ఇవ్వడానికి తెచ్చిన పాత పేపర్లు చదివేదాన్ని. ఒకసారి ఒక కథ సగంలో ఉండగా మా ఆయన ఆ కాగితంలో దబ్బనాలు చుట్టి ఎవరికో ఇచ్చేశాడు. మిగతా సగం కోసం లైబ్రరీకి వెళ్లాను. ఆ సగం దొరకలేదు. నేను మాత్రం అప్పటి నుంచి వెళుతూనే ఉన్నాను. మా ఊరి లైబ్రరీలో తెలుగు పుస్తకాలు అయిపోవచ్చాక, దుకాణం సెలవు రోజున పొద్దున రైలెక్కి వికారాబాద్ పోవడం మొదలుపెట్టాను. అక్కడి పెద్ద లైబ్రరీలో ఒక మూల బెంచీ ఉంది, పైన ఫ్యాను తిరగదు, అందుకే ఎవరూ కూర్చోరు. ఆ బెంచీ మీద, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఇంగ్లిషులో పిట్టల గురించిన ఒక లావు పుస్తకం మొత్తం చదివాను. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పట్టింది. ఈ మాట రాయడానికి నేను సిగ్గుపడను.

ఇక నేల సంగతి. తాండూరు దాటి బంట్వారం వైపు పోయే దారిలో మాకు ఎకరన్నర ఉంది. పైన గంపెడు మట్టి, కింద అంతా నాపరాయి. కందులు వేసినా మోకాలెత్తు దాటవు. మేము అద్దెకున్న గోదాము వాళ్లు వానాకాలం లోపు ఖాళీ చేయమన్నారు. సంచులు తడిస్తే బూజు పడతాయి, బూజు సంచిని ఎవరూ ముట్టుకోరు. అందుకని మృగశిర కార్తె లోపు ఆ నేలలో స్తంభాలు పాతి, పైన రేకులు వేసి, ఒక షెడ్డు లేపాలని మా ఆయన పంతం పట్టాడు. వైశాఖంలో ఒక పొద్దున ఇద్దరం స్కూటర్ మీద నేల చూడడానికి పోయాం. దిగామో లేదో ఒక పిట్ట మా ముందు కొంత దూరం పరిగెత్తి, ఆగి, గొంతు చించుకుని అరిచింది. తీతువు అరుపు చావు కబురంటారు మా దగ్గర. మా ఆయన మొహం మాడిపోయింది.

"పొద్దుగాల పొద్దుగాల తీతువు. ఇంకేం షెడ్డు? పోదాం పా."

"అది మనల్ని చూసి అరుస్తున్నది. మనం పోతె ఊకుంటది," అన్నాను.

"నీకు పిట్టల మాట గూడ వస్తదా?"

"లైబ్రరీల ఉన్నది."

"అన్నీ లైబ్రరీలనే ఉన్నయ్. ఇంట్ల ఉప్పు అయిపోయింది, గది మటుకు లేదు నీ లైబ్రరీల."

ఆయన స్కూటర్ దగ్గరే నిలబడిపోయాడు. నేను పిట్ట ఎక్కడి నుంచి లేచిందో గుర్తు పెట్టుకుని అటు నడిచాను. తీతువుల్లో మన దగ్గర రెండు రకాలున్నాయి. నీళ్ల పక్కన తిరిగేదానికి కంటి ముందు ఎర్రటి తోలు ఉంటుంది. ఇలాంటి ఎండు నేలలో తిరిగేదానికి పసుపుపచ్చ తోలు వేలాడుతుంది, నెత్తి మీద నల్లటి టోపీ ఉంటుంది. ఇది రెండోది. ఇది గూడు కట్టదు. నేల మీద చిన్న గుంత, చుట్టూ నాలుగు గులకరాళ్లు, అంతే. ఒక అడుగు వేయబోయి ఆగాను. కాలి ముందు రెండు గుడ్లు. మట్టి రంగు మీద నల్ల మచ్చలు. చూపు ఒకసారి తిప్పి మళ్లీ చూస్తే కనపడవు, వెతుక్కోవాలి.

మూడు రోజుల తర్వాత పోయి చూస్తే నాలుగయ్యాయి. నాలుగూ సన్నటి మొనలు లోపలికి పెట్టుకుని ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. నేను నోటుబుక్కులో తేదీ రాసుకున్నాను. నాలుగో గుడ్డు పెట్టిన నాటి నుంచి దాదాపు నాలుగు వారాలు పొదుగుతాయి. అంటే రోహిణి కార్తె చివర్లో పిల్లలు లేస్తాయి. మా షెడ్డు పని మొదలయ్యేది దానికి రెండు వారాల ముందు.

ఆ నేలలో ఎండాకాలమంతా గొర్ల మంద ఆపుకునే ఒక పెద్దాయన ఉన్నాడు. తాతల కాలం నుంచి గొర్లు కాచిన ఇల్లు, ఇప్పుడు కొంచెం వ్యవసాయం కూడా ఉంది. నేను ఆయన్ని కాకా అంటాను. ఆయనకు నేను సేటమ్మను, మనసు మెత్తగా ఉన్న రోజు బిడ్డను. ఆయనతో నా భయం చెప్పాను.

"కాకా, గీడ తీతువు గుడ్లున్నయ్. నీ గొర్లు తొక్కుతయేమో, జర చూస్కో."

"నేను చూస్కునుడేంది? గదే చూస్కుంటది. నిలబడు, నీకే కనపడతది."

మంద అటే వచ్చింది. పిట్ట గుడ్ల మీద నుంచి లేచి, రెండు రెక్కలు బార్లా తెరిచి, ముందున్న గొర్రె మూతి మీదికి అరిచింది. గొర్రె పక్కకు తిరిగింది. దాని వెనక వచ్చేవన్నీ వాగు నీళ్లు బండ దగ్గర చీలినట్టు రెండు పాయలై దాటిపోయాయి. పిట్ట మళ్లీ కూర్చుంది, రెక్కలు సర్దుకుంది.

"చూసినవా? గొర్రెకున్న బుద్ధి మనిషికుంటే సాలు," అన్నాడు కాక.

నేను ఆ మాటకు నవ్వి, తర్వాతి సెలవు రోజున వికారాబాద్ పోయి, ఆ లావు పుస్తకాన్ని మళ్లీ తెరిచాను. తీతువు కుటుంబం ఎంత పెద్దదో అంతకుముందు చదివాను గానీ, ఈసారి మా నేలలో నాలుగు గుడ్లున్నాయి కాబట్టి ఒక్కొక్కటీ మా చుట్టాల గురించి చదివినట్టు చదివాను. ఐరోపా తీతువుకు నెత్తి మీద పొడుగాటి జుట్టు ఉంటుంది. అక్కడ ఒక ప్రాంతంలో వసంతంలో దాని మొదటి గుడ్డు కనిపెట్టినవాడికి ఊరంతా గౌరవం చేసేవారట. ఆఫ్రికాలో ఒక తీతువు అరిస్తే కమ్మరి ఇనుము కొట్టినట్టు ఉంటుందని దానికి ఆ పేరే పెట్టారు. ఆస్ట్రేలియాది బడి మైదానాల్లో గుడ్లు పెట్టి, దగ్గరికి వచ్చినవాళ్లను తరుముతుంది, దాని రెక్క మడతలో ముల్లు కూడా ఉంది. దక్షిణ అమెరికాలో కాపలా కుక్కకు బదులు తీతువును నమ్ముకున్న రైతులున్నారు. ఈ కుటుంబంలోనే ప్లవర్ అని పిలిచే చిన్న పిట్టలున్నాయి. ఒకటి ఉత్తరాన మంచు దేశంలో గుడ్లు పెట్టి, చలికాలం కోసం నేల కనపడని సముద్రం మీద రోజుల తరబడి ఆగకుండా ఎగురుతుంది. న్యూజిలాండ్‌లో ఒకదాని ముక్కు కుడి పక్కకు వంకర, పుట్టుకతోనే. రాళ్ల కింద పురుగులు తీయడానికి. ఉత్తర అమెరికాది ఎవరైనా గుడ్ల దగ్గరికి వస్తే రెక్క విరిగినట్టు నటిస్తూ దూరంగా కుంటుతుంది, తన వెంట వాళ్లను తీసుకుపోయి తర్వాత ఎగిరిపోతుంది.

ఇన్ని దేశాల్లో ఇన్ని పిట్టలు అరుస్తుంటే, చావు కబురు తెచ్చేది మన దగ్గరిదొక్కటేనా? ఆ ప్రశ్న నోటుబుక్కులో రాసుకున్నాను. దాని కిందే, తర్వాత నన్ను ముంచిన వాక్యం కూడా రాసుకున్నాను. కొన్ని దేశాల్లో రైతులు తీతువు గుడ్లకు కొంచెం దూరంలో కర్రలు పాతుతారట, ట్రాక్టర్ నడిపేవాడు చూసి చుట్టూ తిప్పుకుని పోవడానికి.

ఇది నాకు బాగా నచ్చింది. గుడ్లున్న చోటు షెడ్డు కొలతలకు బయటే, ముప్పై అడుగుల దూరంలో ఉంది. అక్కడ ఎవరూ తవ్వరు. కానీ బండి అటూ ఇటూ తిరిగేటప్పుడు చక్రం కింద పడతాయేమోనని నా భయం. కర్రలు పాతితే గొర్లు ఒళ్లు రుద్దుకుని పడేస్తాయి. బట్ట కడితే గాలికి ఊగి పిట్ట బెదురుతుంది. ఆలోచించి, బండి వచ్చే ముందు రోజు సాయంత్రం దుకాణం నుంచి ఒక సంచి ముగ్గు పిండి తీసుకుపోయి, గుడ్ల చుట్టూ ఆరడుగుల దూరంలో పెద్ద గుండ్రం పోశాను. తెల్లగా, దూరం నుంచి కూడా కనపడేలా. పిట్ట నన్ను తిట్టగలిగినన్ని తిట్లు తిట్టి మళ్లీ వచ్చి కూర్చుంది. చాలా సంతోషంగా ఇంటికొచ్చాను.

మన దగ్గర నేల మీద తెల్లటి ముగ్గు పోశారంటే దాని అర్థం ఏమిటో చిన్న పిల్లవాడికి కూడా తెలుసు. ఇల్లు కట్టాలన్నా, బావి తవ్వాలన్నా, మేస్త్రీ ముందు ముగ్గు పోస్తాడు. తవ్వేవాడు దాని మీద గడ్డపార వేస్తాడు. ఏడాదికి వంద సంచుల ముగ్గు పిండి మేస్త్రీలకు అమ్మే దుకాణంలో కూర్చునే దాన్ని నేను. ఆ సాయంత్రం ఆ సంగతి నాకు తట్టలేదు. నా తలలో ఆ రోజు వేరే దేశం పొలాలున్నాయి.

అదే సాయంత్రం షెడ్డుకు ముగ్గు పోయాల్సిన మేస్త్రీ ఏదో పెళ్లికి పోయి రాలేదు. ఆ సంగతి మా ఆయనకు తెలియదు. ఆయన డ్రైవర్‌కు ఫోన్ చేసి, "పొద్దుగాల్నే పోయి మొదలువెట్టు. ముగ్గు పోసి ఉంటది, ముగ్గున్న కాడ తవ్వు. మేము ఎన్కాల వస్తం," అన్నాడు. ఆ ఫోన్ నేను విన్నాను. పక్కనే కూర్చుని చపాతీలు ఒత్తుతున్నాను. అప్పుడు కూడా నాకు తట్టలేదు.

మేము పోయేసరికి బండి ఆగి ఉంది. డ్రైవర్ నేల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ముప్పై దాటిన మనిషి, సరిహద్దు అవతలి ఊరు, కన్నడం కలిపి తెలుగు మాట్లాడతాడు. పక్కన గొర్లు కాసే కాక కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ముగ్గు గుండ్రంలో సగం లేదు, అక్కడ గొయ్యి ఉంది. పైన రెండు పిట్టలు అరుస్తూ తిరుగుతున్నాయి.

"అక్కా, నంగె గొత్తిల్ల, దేవర మీద ఒట్టు," అన్నాడు డ్రైవర్. "నాకు తెల్వదు. ఒక్క ముగ్గే కనపడ్డది. నీళ్ల సంపుకేమో అనుకున్న. తవ్వే బకెట్ ఒక్కసారి దింపిన. గా పిట్ట వచ్చి బకెట్ ముందల రెక్కలు జాపి నిలబడ్డది. నేను ఆపేసి దిగిన. దిగి చూస్తె..."

రెండు గుడ్లు మట్టిలో చితికిపోయి ఉన్నాయి. రెండు గొయ్యి అంచుకు జానెడు దూరంలో, తమ చోటనే ఉన్నాయి. నేను వాటి మీద పడిన మట్టి తీయబోతే కాక కర్ర అడ్డం పెట్టాడు.

"చెయ్యి పెట్టకు బిడ్డ. నువ్వు శానా చేసినవ్. ఇగ అందరు ఎన్కకు జరగండ్రి."

అందరం రోడ్డు దాకా వెనక్కి జరిగాం. నేను చెప్పుల్లో రాళ్లు గుచ్చుకుంటున్నా కదలకుండా నిలబడ్డాను. చాలాసేపటికి ఒక పిట్ట దిగింది. కొంత దూరం పరిగెత్తి ఆగడం, మళ్లీ పరిగెత్తడం, మళ్లీ ఆగడం. చివరికి ఆ రెండు గుడ్ల మీద కూర్చుంది. అప్పుడు వచ్చారు మేస్త్రీ, కూలీలు. సంగతి విన్నారు. గడ్డపారలు భుజాన వేసుకుని వచ్చినవాళ్లు వాటిని దింపకుండానే వెనక్కి తిరిగారు.

"తీతువు గుడ్లు పగిలిన నేల మీద ఇయ్యాల పునాదా? మాకు ఇల్లు పిల్లలు ఉన్నరు సేటు," అన్నాడు మేస్త్రీ.

మధ్యాహ్నానికి సంగతి బజారంతా పాకింది. పాకేటప్పుడు నా ముగ్గు దారిలో ఎక్కడో రాలిపోయింది. డ్రైవర్, గుడ్లు, రెండే మిగిలాయి. నాలుగు రోజుల తర్వాత అతను దుకాణానికి వచ్చాడు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న ఇద్దరు, మాట ఇచ్చినవాళ్లు, అతన్ని రావద్దన్నారట. పునాది పని లేకపోతే జేసీబీకి ఇంకేముంది?

"అక్కా, నీ నోటితోని నలుగురికి ఒక్క మాట చెప్పు. గంతే," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. చెక్కబల్ల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు, నీళ్లిస్తే తాగాడు, పోయాడు.

చెప్పాను. ఆ రోజు నుంచి సంచుల కోసం వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. ముగ్గు పోసింది నేను, తప్పు నాది. వాళ్లు నవ్వేవారు. "సేటమ్మ మనసు మెత్తన, పరాయోని తప్పు నెత్తిన ఎత్తుకుంటది," అని మెచ్చుకుని పోయేవారు. నేను పుస్తకాలు చెప్పాను, ఆస్ట్రేలియా చెప్పాను, సముద్రం మీద ఎగిరే పిట్ట గురించి చెప్పాను. పప్పు మిల్లు ఆయన శ్రద్ధగా అంతా విని, "గయ్యన్నీ వేరే దేశం పిట్టలు కదమ్మా. వాటి ఉసురు మనకు తగలదు," అన్నాడు.

ఇంత చదివి ఒక మనిషి మీద పడ్డ మాట తుడవలేకపోతే ఆ చదువెందుకు? ఆ రాత్రి కాదు, ఆ నిమిషమే నిర్ణయించుకున్నాను. మాట చాలకపోతే పని కావాలి. మా షెడ్డు పునాది ఆ డ్రైవరే తవ్వాలి. మేమే పిలవకపోతే ఇంకెవరు పిలుస్తారు?

మా ఆయన అప్పటికే వేరే బండి మాట్లాడబోతున్నాడు.

"మీరు వేరేటోన్ని పిలిస్తె బజారోళ్ల మాట నిజమని మనమే దస్కతు పెట్టినట్టు," అన్నాను.

"రేపు స్తంభం బీట ఇస్తె? సంచులకు చెదలు పడితె? నిన్నే అంటరు."

"అననియ్యుండ్రి."

"నువ్వు మాటలు పడతవ్. దుకాణం ఎట్ల పడతది?" ఆయన ఒక షరతు పెట్టాడు. "సరె. గా రెండు గుడ్లు పిల్లలైతె వాన్నే పిలుస్త. పిట్ట ఉసురు లేదన్నట్టు. కాలేదనుకో, ఇగ నువ్వు మాట్లాడొద్దు."

నేను ఒప్పుకున్నాను. అప్పుడు అదే న్యాయమనిపించింది.

ఆ తర్వాత ఎనిమిది రోజులు రోజూ పొద్దున షేర్ ఆటోలో పోయి మధ్యాహ్నం దాటాక వచ్చేదాన్ని. రోహిణి ఎండకు నాపరాయి పెనంలా కాలేది. మధ్యాహ్నాలు పిట్ట గుడ్ల మీద కూర్చునేది కాదు, నీడ పడేలా రెక్కలు కొంచెం విప్పి నిలబడేది. ఒక్కోసారి, పెద్దాయన గొర్లకని తొట్టిలో పోసిన నీళ్ల దగ్గరికి పోయి, పొట్ట ఈకలు తడుపుకుని, వచ్చి గుడ్ల మీద ఆ తడి పెట్టేది. ఇది నేను పుస్తకంలో చదివాను. చదివినదాన్ని కళ్లతో చూసినప్పుడు, పుస్తకం రాసినవాళ్లు కూడా ఇలాగే ఎక్కడో ఎండలో నిలబడి ఉంటారని మొదటిసారి అనిపించింది. డ్రైవర్ ఒకసారి సైకిల్ మీద వచ్చి రోడ్డు మీదే నిలబడ్డాడు. రమ్మంటే రాలేదు. "నేనొస్తె మల్ల ఏమన్న అయితది అక్కా," అన్నాడు. అతను కూడా ఆ మాట నమ్మడం మొదలుపెట్టాడని అప్పుడు తెలిసింది. బజారు నమ్మడం కన్నా అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తొమ్మిదో రోజు పొద్దున గుడ్లు లేవు.

గుంత ఉంది, గులకరాళ్లు ఉన్నాయి, పెంకు ముక్క కూడా లేదు. పిల్లలు లేవగానే తల్లి పెంకులను దూరంగా మోసుకుపోయి పారేస్తుందని చదివాను. పిల్లలు పుట్టిన రోజే నడుస్తాయని, ఎవరైనా వస్తే మట్టికి అతుక్కుపోయి రాయిలా పడుకుంటాయని చదివాను. కుక్కో ముంగిసో వచ్చి మింగితే కూడా పెంకు మిగలకపోవచ్చు. పుస్తకంలో రెండూ ఉన్నాయి. పిట్టలు మాత్రం దూరంగా, రాళ్ల కుప్పల వైపు అరుస్తున్నాయి. నేను అటు పోయి మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. మర్నాడు కూడా వెతికాను. ఏమీ కనపడలేదు.

మా ఆయన అడిగాడు. "ఏమైంది? పిల్లలా, కుక్క పాలా?"

పిల్లలు లేచాయని చెప్పేయొచ్చు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. పిట్టల అరుపు వింటే పిల్లలున్నాయనే అనిపిస్తోంది కూడా. కానీ నేను చూడలేదు. చూడనిది చూశానని చెప్పి ఒక మనిషి పేరు నిలబెడితే, చూడనిది చెప్పి అతని పేరు చెడగొట్టినవాళ్లకూ నాకూ తేడా ఏముంది?

"నాకు తెల్వదు," అన్నాను. "తెల్వదు. గని ఆ షరతే తప్పు. నేను ఒప్పుకునుడు ఇంక తప్పు. గుడ్లు పిల్లలైనా, కుక్క తిన్నా, గా మనిషి చేసింది మారదు. ముగ్గున్న కాడ తవ్విండు. అంతే చేసిండు. ముగ్గు నాది."

ఆయన తాళ్ల చుట్ట తీసుకుని అటు తిరిగాడు.

"ముగ్గున్న కాడ తవ్వు అన్నది ఎవరు?" అని అడిగాను. ఇన్ని రోజులూ ఈ మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. దుకాణంలో నేను అందరికీ నా తప్పు చెబుతుంటే ఆయన తాళ్లు చుడుతూ ఊరుకున్నాడు. ఆయన ఊరుకోవడమే బజారుకు సాక్ష్యమైంది.

"ఇప్పుడేమంటవ్?" అన్నాడు.

"నేను చెప్తె మనసు మెత్తన అంటరు. మీరు చెప్తె నమ్ముతరు. గంతే అంటున్న."

"నలుగుర్ల నా పరువు?"

"మీ పరువుకు ఒక్క రోజు పరేషాన్. ఆయనకు బతుకంత."

ఆ మాటైన మూడో రోజు పొద్దున డ్రైవర్ బండి తెచ్చాడు. ఈసారి మేస్త్రీ ముగ్గు పోసి ఉంచాడు. కానీ బండి తోలుతున్నది ఎవరో చూడగానే, మేస్త్రీ చేతిలో కొబ్బరికాయ అలాగే ఉండిపోయింది. కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక రోడ్డు మీద పప్పు మిల్లు ఆయన స్కూటర్ ఆపి చూస్తున్నాడు. డ్రైవర్ ఇంజన్ ఆపేసి, దిగాలో వద్దో తెలియక మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆయన బజారులో గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"ఇనుండ్రి. గా రోజు ఫోన్ చేసి ముగ్గున్న కాడ మొదలువెట్టుమని చెప్పింది నేను. గీడ ముగ్గు పోసింది నా పెండ్లాం. మేస్త్రీ పెండ్లికి పోయిండు. గందరి తప్పు కలిసి ఈయన బకెట్ల పడ్డది. ఈయన చేతుల దోషమేమన్న ఉంటె, గది ముందుగాల మా ఇంటికే రానియ్యుండ్రి. గందుకే ఈయననే పిలిచిన."

మేస్త్రీ తల గోక్కున్నాడు. "నా పెండ్లి ముచ్చట మధ్యల ఎందుకు సేటు? మా బావమరిదిది అది, పోకుంటె ఊకుంటరా?" అన్నాడు. ఒక కూలీ పకపకా నవ్వాడు. మేస్త్రీ కొబ్బరికాయ కొట్టాడు. ఒక చెక్క తీసుకుపోయి డ్రైవర్ చేతిలో పెట్టాడు. డ్రైవర్ దాన్ని కళ్లకద్దుకుని, సీటు పక్కన పెట్టి, ఇంజన్ మొదలుపెట్టాడు.

సాయంత్రానికి పన్నెండు గుంతలు తవ్వాడు. రెండు చోట్ల నాపరాయి అడ్డం వస్తే పొరలు పొరలుగా తీశాడు, విరగ్గొట్టలేదు, ఆ బండలు మాకే పనికొస్తాయని పక్కన పేర్చాడు. పోయే ముందు పప్పు మిల్లు ఆయన అతని దగ్గరికి పోయి తన కల్లం చదును చేయడానికి ఎప్పుడొస్తావని అడగడం నేను విన్నాను. మొదట రావద్దన్న ఇద్దరిలో ఒకరు తర్వాత పిలిచారు. ఇంకొకరు పిలవలేదు, ఇప్పటికీ పిలవలేదు. ఆయన చదవాలనే ఇదంతా రాశాను.

ఎవరి పేరూ రాయనని వాళ్లకు మాట ఇచ్చాను కాబట్టి, ఎవరేం చేశారో చెప్పి దండం పెడతాను. నా ముందు కర్ర అడ్డం పెట్టి గుడ్లు ముట్టుకోనివ్వని కాకకు. రాళ్ల కుప్ప దగ్గర ఒక పిల్లను చూశానని తర్వాత చెప్పాడాయన. నేను చూడలేదు కాబట్టి ఆయన చూశాడని మాత్రమే రాస్తున్నాను. వికారాబాద్ లైబ్రరీలో మూసే వేళ దాటినా నేను పేజీ పూర్తి చేసేదాకా తాళం చేత్తో పట్టుకుని నిలబడిన లైబ్రేరియనమ్మకు. పెళ్లికి పోయినందుకు ఇప్పటికీ మాటలు పడుతున్న మేస్త్రీకి. ఒక్కసారి నోరు విప్పి, ఆ తర్వాత వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడని మా ఆయనకు. అందరికన్నా ముందు, పిట్ట రెక్కలు చాపి నిలబడగానే బండి ఆపి కిందికి దిగిన ఆ డ్రైవర్‌కు. అతను ఆపకపోతే ఆ రోజు నాలుగూ పోయేవి.